మూడో గంట మోగేలోపే నాలుగు ముద్దలు

ఆలుమగలు కలిసి నాటకానికి వెళ్లడం, ఆ పూట బయట భోంచేయడం మనసుకూ ఒంటికీ మంచిదే. మధుమేహానికి మందులు వాడేవారు మాత్రం మాత్రకూ ముద్దకూ మధ్య ఎడం పెరగకుండా చూసుకోవాలి. లేదంటే సరదాగా మొదలైన సాయంత్రం ఆసుపత్రిలో ముగుస్తుంది.

జనవరి నెల. మిర్యాలగూడలో నాటికల పోటీలు జరుగుతున్నాయని తెలిసి సూర్యాపేట నుంచి నేనూ మా ఆవిడా వెళ్లాం. ఓపీ, వార్డు రౌండ్లు, రాత్రి డ్యూటీల మధ్య మా ఇద్దరికీ కలిసి ఒక సాయంత్రం దొరకడమే అరుదు. నాటిక చూసి, తిరిగొచ్చేటప్పుడు దారిలో ఎక్కడైనా భోంచేద్దామనుకున్నాం.

మా ముందు వరుసలో అరవై దాటిన ఓ జంట కూర్చుంది. కోదాడ నుంచి హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా వచ్చారట. ఆయన విశ్రాంత ఉపాధ్యాయుడు. ఆమె మంచి పట్టుచీర కట్టుకుని, తలలో పూలు పెట్టుకుని ఉత్సాహంగా ఉన్నారు. నాటిక సాయంత్రం ఆరున్నరకు మొదలు కావాలి. ముందు సభ, ఆ తర్వాత సన్మానాలు, శాలువాలు.. ఏడున్నరైనా తెర లేవలేదు. అప్పుడే ఆయన జేబులో ఫోన్ అలారం మోగింది. ఆయన సంచిలోంచి మాత్ర తీసి ఇస్తే, ఆమె నీళ్లతో మింగారు. రోజూ ఏడున్నరకు మాత్ర, ఎనిమిదింటికి భోజనం. అది వాళ్ల ఇంటి పద్ధతి. ఆ అలారం కూడా ఆయనే పెట్టారు. భార్య మందు ఒక్క పూట కూడా తప్పకూడదని.

తెర లేచింది. కథలో కొడుకులు అమ్మానాన్నలను వంతులు వేసుకుంటున్నారు. హాల్లో చాలామంది కళ్లు తుడుచుకుంటున్నారు. తొమ్మిది కావస్తుండగా మా ఆవిడ నా చెయ్యి తట్టింది.

‘‘ఏమండీ, ముందున్నామెను చూడండి. ఇంత చలిలో మెడంతా చెమటలు పడుతున్నాయి.’’

చూశాను. జాకెట్ తడిసిపోయింది. తల ఒకవైపు వాలుతోంది. భర్త ఆమె భుజం నిమురుతున్నారు.

‘‘ఏం లేదు సార్. ఏడుపు సీన్లు చూస్తే ఆమె తట్టుకోలేదు’’ అన్నారు.

ఆమెను పలకరించాను. మాట ముద్దగా వచ్చింది. చేతులు వణుకుతున్నాయి. ‘‘అన్నం తిన్నరా అమ్మా?’’ అంటే ఆమె జవాబు చెప్పలేకపోయారు. ఆయనే చెప్పారు. ‘‘ఇంక తినలేదు సార్. నాటకం అయినంక హోటల్‌కు పోదామనుకున్నం. బిర్యానీ తినాలె గదా అని పగలు కూడా రెండు ముద్దలే తిన్నది.’’

బయటి వరండాలోకి తీసుకొచ్చి కూర్చోబెట్టాం. నా కారులో సంచి ఉంది. గ్లూకోమీటర్‌తో చూస్తే చక్కెర 48.

మందు ముందు.. అన్నం వెనక

రక్తంలో గ్లూకోజు 70 మిల్లీగ్రాముల కంటే తగ్గితే దాన్ని చక్కెర పడిపోవడం, అంటే హైపోగ్లైసీమియా అంటాం. 54 కంటే తగ్గితే పరిస్థితి తీవ్రమైనట్టే. మెదడు తన పనికి ప్రధానంగా గ్లూకోజు మీదే ఆధారపడుతుంది. అది అందకపోతే తికమక, మాట తడబాటు, చివరికి స్పృహ తప్పడం, ఫిట్స్ రావచ్చు. చక్కెర ఎక్కువైతే వచ్చే నష్టం చాలావరకు ఏళ్ల మీద బయటపడుతుంది. తక్కువైతే నిమిషాల్లోనే ప్రాణం మీదికి రావచ్చు.

మధుమేహానికి వాడే మందులన్నీ ఇలా చేయవు. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిపిజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటివి క్లోమగ్రంథిని ప్రేరేపించి ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తాయి. మనం తిన్నామా లేదా అన్నది వాటికి పట్టదు. ఇన్సులిన్ ఇంజెక్షన్ కూడా అంతే. అందుకే వీటిని వాడేవారిలో భోజనం ఆలస్యమైతే చక్కెర పడిపోతుంది. మెట్‌ఫార్మిన్, సిటాగ్లిప్టిన్, విల్డాగ్లిప్టిన్, డపాగ్లిఫ్లోజిన్ లాంటివి మాత్రమే వాడేవారిలో ఈ ముప్పు చాలా తక్కువ. అయితే మనవాళ్లు ఎక్కువగా వాడేది రెండు మూడు మందులు కలిపిన మాత్రలు. కాబట్టి మీ మాత్రలో ఏమేం ఉన్నాయో ఒకసారి అట్ట మీద చదవండి. అర్థం కాకపోతే డాక్టర్‌ను అడిగి తెలుసుకోండి.

మందు మరిచిపోయే ఇళ్ల గురించి మేం తరచూ చెబుతుంటాం. ఇక్కడ చిక్కు వచ్చింది మందు మరిచిపోని ఇంట్లో. ఆయన గడియారం చూసి మాత్ర ఇచ్చారు. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రను పళ్లెం చూసి వేసుకోవాలి.

పంచదార పనిచేయని సందర్భం

చక్కెర పడిపోయిందని అనుమానం రాగానే చేయాల్సింది ఒకటే. మనిషి మెలకువగా ఉండి మింగగలిగితే, త్వరగా ఒంటికి పట్టే చక్కెరను 15 గ్రాములు ఇవ్వాలి. అంటే సుమారు మూడు నాలుగు చెంచాల పంచదారో గ్లూకోజు పొడో నీళ్లలో కలిపి తాగించడం. లేదా ఓ చిన్న గ్లాసు పండ్లరసం, మామూలు కూల్‌డ్రింకు. ‘షుగర్ ఫ్రీ’ డ్రింకు పనికిరాదు. చాక్లెట్, ఐస్‌క్రీమ్‌లో కొవ్వు ఉంటుంది కాబట్టి వాటిలోని చక్కెర నెమ్మదిగా ఎక్కుతుంది. 15 నిమిషాలయ్యాక మళ్లీ పరీక్షించాలి. 70కి చేరకపోతే మళ్లీ 15 గ్రాములు ఇవ్వాలి. తేరుకున్నాక బిస్కెట్లు, ఇడ్లీ, అన్నం లాంటివి తినిపించాలి. గ్లూకోమీటర్ లేకపోతే దానికోసం ఆగొద్దు. ముందు తీపి ఇవ్వండి.

ఆ రోజు పక్కనున్న టీ బండి నుంచి పంచదార తెప్పిస్తూనే ఆమె సంచిలోని మాత్రల అట్ట చూశాను. అందులో గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్‌తో పాటు వోగ్లిబోస్ కూడా ఉంది. ఈ వోగ్లిబోస్ పేగుల్లో పంచదార గ్లూకోజుగా మారడాన్ని ఆలస్యం చేస్తుంది. భోజనం తర్వాత చక్కెర ఒక్కసారిగా పెరగకుండా ఉండటానికే దాన్ని ఇస్తాం. కానీ చక్కెర పడిపోయిన వేళ అదే అడ్డం పడుతుంది. పంచదార ఇచ్చినా త్వరగా ఎక్కదు. నేరుగా గ్లూకోజే ఇవ్వాలి. అకార్బోస్ వాడేవారికీ ఇదే వర్తిస్తుంది. మందుల షాపుకు వెళ్లి గ్లూకోజు పొడి తెమ్మని భర్తను పంపాను. ఆ వయసులో ఆయన అంత వేగంగా పరుగెత్తగలరని నేను అనుకోలేదు.

గ్లూకోజు కలిపి తాగించాం. 15 నిమిషాలకు 62. మళ్లీ తాగించాం. ఈసారి 96. ఆమె కళ్లు తెరిచి చూసి, అడిగిన మొదటి మాట: ‘‘నాటకం అయిపోయిందా?’’

మీరు ఏ మందులు వాడినా బయటికెళ్లేటప్పుడు సంచిలో ఓ గ్లూకోజు పొట్లం పెట్టుకోండి. ఖర్చు తక్కువ, బరువు లేదు. ప్రాణం నిలబెడుతుంది.

తేరుకున్నా ఇంటికి పంపలేదు

ఆమె లేచి కూర్చోగానే భర్త ‘‘ఇంక పోదమా సార్’’ అన్నారు. నేను వద్దన్నాను. గ్లిమెపిరైడ్ ప్రభావం ఒక రోజంతా ఉండొచ్చు. ఇప్పుడు పెరిగిన చక్కెర అర్ధరాత్రి నిద్రలో మళ్లీ పడిపోవచ్చు. వయసు మళ్లినవారు, కిడ్నీలు సరిగా పనిచేయనివారిలో ఈ భయం ఇంకా ఎక్కువ. బిస్కెట్లు, అరటిపండు తినిపించి అక్కడి ఏరియా ఆసుపత్రికి పంపాను. రాత్రంతా గంట గంటకూ పరీక్షిస్తూ గమనించి, ఉదయం ఇంటికి పంపారు.

ఇంకో రెండు మాటలు గుర్తుంచుకోండి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు గానీ పంచదార గానీ పోయొద్దు. ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. రెండోది, చెమటలన్నీ చక్కెర పడిపోవడం వల్లే రావు. ఛాతీలో బరువు, ఆయాసం, దవడకో చేతికో పాకే నొప్పి, ఉన్నట్టుండి నీరసం గుండెపోటు లక్షణాలు కావచ్చు. మధుమేహం ఉన్నవారిలో, ముఖ్యంగా మహిళల్లో గుండెపోటు నొప్పి లేకుండానే రావచ్చు. చక్కెర మామూలుగానే ఉండి చెమటలు తగ్గకపోతే ఆలస్యం చేయకుండా ఈసీజీ తీయించాలి. బీపీకో గుండెకో అటెనోలాల్, మెటోప్రోలాల్ లాంటి మందులు వాడేవారిలో చక్కెర పడిపోయినా గుండెదడ, వణుకు తెలియకపోవచ్చు. వాళ్లకు చెమటలే హెచ్చరిక.

భోజనం ముందా, నాటకం ముందా?

ముందుగా ఇది ఇంట్లోనే తేల్చుకోవాలి. రెండు దారులున్నాయి.

మొదటిది, తిని వెళ్లడం. చక్కెర మందులు వాడేవారికి ఇదే మేలు. సాయంత్రం ఆరింటికల్లా భోంచేసి, దానికి ముందే మాత్ర వేసుకుని హాయిగా హాల్లో కూర్చోవచ్చు. రోజూ వేసుకునే వేళ కంటే గంటో గంటన్నరో ముందుకు జరిగినా చాలామందికి ఇబ్బంది ఉండదు. మీ విషయంలో ఎంత జరపొచ్చో ముందురోజే డాక్టర్‌ను అడగండి. భోజనం తొందరగా ముగించినందుకు పడుకునేముందు ఓ గ్లాసు పాలు తాగాలా వద్దా అన్నదీ అప్పుడే తేలుతుంది.

రెండోది, నాటకం చూశాక హోటల్‌కు వెళ్లడం. అలాగైతే మధ్యాహ్నం భోజనం తగ్గించొద్దు. బయల్దేరేముందు రెండు ఇడ్లీలో, ఓ గుప్పెడు శనగ గుగ్గిళ్లో తినండి. రాత్రి మాత్ర జేబులో ఉంచుకుని, హోటల్లో కూర్చున్నాక వేసుకోండి. అదీ తిండి బల్ల మీదికి వచ్చాకే. ‘ఆర్డర్ ఇచ్చాం కదా’ అని వేసుకుంటే, ఆదివారం రద్దీలో అది వచ్చేసరికి ముప్పావుగంట పట్టొచ్చు. భోజనానికి ముందు తీసుకునే ఇన్సులిన్‌కూ ఇదే నియమం. గ్లార్జిన్ లాంటి రోజుకోసారి తీసుకునే ఇన్సులిన్ మాత్రం భోజనంతో సంబంధం లేకుండా రోజూ తీసుకునే వేళకే తీసుకోవాలి. బీపీ మాత్రలు మానొద్దు.

బిర్యానీ తినొద్దని నేననను. ఒక ప్లేటు ఇద్దరూ పంచుకోండి. ముందు కీర, ఉల్లి, ఆ తర్వాత చికెన్ ముక్కలో పనీరో పప్పో తిని, చివర్లో అన్నం తినండి. ఈ వరుసలో తింటే భోజనం తర్వాత చక్కెర పెరగడం కొంత నెమ్మదిస్తుంది. కూల్‌డ్రింకు బదులు మజ్జిగ. రోజంతా కలిపి ఉప్పు 5 గ్రాములు, అంటే సుమారు ఓ చెంచా దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. సూపు, పచ్చడి, అప్పడాలతో ఆ లెక్క ఒక్క పూటలోనే దాటిపోతుంది. బీపీ ఉన్నవారు వీటిలో ఏదో ఒకటే ఎంచుకోవాలి.

మద్యం విషయంలో మగవారు జాగ్రత్తగా వినాలి. ఇన్సులిన్‌గానీ గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలుగానీ వాడుతూ ఖాళీ కడుపుతో మందు తాగితే, కాలేయం రక్తంలోకి గ్లూకోజు వదలడం తగ్గిపోతుంది. కొన్ని గంటల తర్వాత, నిద్రలో చక్కెర పడిపోవచ్చు. చూసేవాళ్లు ‘తాగి పడుకున్నాడు’ అనుకుంటారు. ఆ పొరపాటుకు మూల్యం చాలా పెద్దది.

హాల్లో కూర్చున్నప్పుడు

బయటికెళ్తున్నామంటే చాలామంది ఆడవాళ్లు పొద్దుటి నుంచే నీళ్లు తాగడం తగ్గిస్తారు. బాత్రూమ్ ఎలా ఉంటుందోనన్న భయం. ఇలా నీళ్లు మాని, గంటల తరబడి బిగపట్టుకుంటే మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చే అవకాశం పెరుగుతుంది. హాల్లోకి వెళ్లగానే బాత్రూమ్ ఎక్కడుందో చూసుకుని, దారికి దగ్గరగా ఉన్న కుర్చీలో కూర్చోండి. నీళ్లు మానకండి.

నాటిక దాదాపు గంట ఉంటుంది. పోటీల్లో వరసగా రెండు మూడు ఉంటాయి. ఒకదానికీ మరొకదానికీ మధ్య లేచి నాలుగడుగులు వేయండి. మోకాళ్లు పట్టేయవు, పాదాలకు నీరు దిగదు. స్పీకర్ల ముందు కూర్చోవద్దు.

నాటకం చూస్తున్నప్పుడు మీ భర్తో భార్యో మాటిమాటికీ ‘ఏమన్నాడు? ఏమన్నది?’ అని అడుగుతున్నారా? విసుక్కోకండి. వయసుతో వచ్చే వినికిడి లోపం ఇలాంటి చోటే బయటపడుతుంది. మాట వినిపిస్తుంది గానీ స్పష్టంగా తెలియదు. చెవి పరీక్ష చేయించాలి. అలాగే తిరుగు ప్రయాణంలో ఎదురు బండ్ల లైట్ల చుట్టూ వలయాలు కనిపిస్తుంటే శుక్లాలు మొదలై ఉండొచ్చు. అలాంటివారు రాత్రి పూట బండి నడపొద్దు. హైదరాబాద్ - విజయవాడ హైవే మీద రాత్రంతా లారీలు తిరుగుతూనే ఉంటాయి. కడుపు నిండా తిని వెంటనే స్టీరింగ్ పట్టుకుంటే నిద్ర ముంచుకొస్తుంది. ముందు ఓ పది పదిహేను నిమిషాలు నడవండి. చక్కెరకూ మంచిది, మత్తూ వదులుతుంది.

ఇంత జాగ్రత్త ఎందుకు? ఇంట్లోనే ఉంటే పోదా?

ఆ సంఘటన జరిగిన వారానికి ఆ దంపతులు నా ఓపీకి వచ్చారు. పరీక్షలన్నీ చూసి మందు మోతాదు తగ్గించాను. వోగ్లిబోస్ మానిపించాను. వెళ్లేముందు ఆయన అన్నారు: ‘‘ఇంక ఎటూ పోము సార్. ఇంట్లనే టీవీ చూసుకుంట ఉంటం.’’ ఆమె ఏమీ మాట్లాడలేదు. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కిందికి చూస్తున్నారు.

ఆ మాటే నన్ను ఈ వ్యాసం రాసేలా చేసింది. ఒక్క భయంతో ఇంటికే పరిమితమైపోయిన పెద్దవాళ్లను మేం రోజూ చూస్తుంటాం. నడక తగ్గుతుంది, పలకరింపులు తగ్గుతాయి, తిండి వేళలు తప్పుతాయి, నిద్ర చెడుతుంది. ఆలుమగల మధ్య మాటలు కూడా ‘మాత్ర వేసుకున్నవా?’ దగ్గరే ఆగిపోతాయి.

లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 50 ఏళ్లు దాటిన 6,710 మందిని 14 ఏళ్ల పాటు గమనించి, 2019లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఫలితాలు ప్రచురించారు. నాటకాలు, సంగీత కచేరీలు, మ్యూజియంల లాంటివాటికి ఏడాదికి ఒకటి రెండుసార్లు వెళ్లేవారిలో మరణించే ముప్పు, అసలే వెళ్లనివారితో పోలిస్తే 14 శాతం తక్కువగా కనిపించింది. కొన్ని నెలలకోసారి లేదా అంతకంటే తరచుగా వెళ్లేవారిలో 31 శాతం తక్కువ. ఆరోగ్యంగా, కాస్త ఉన్నంతలో ఉన్నవాళ్లే ఎక్కువగా వెళ్తారు కదా అనే అనుమానం సహజం. ఆ తేడాలను లెక్కలోకి తీసుకున్నాక కూడా సంబంధం కనిపించింది. అలాగని నాటకమే ఆయుష్షు పెంచిందని ఈ ఒక్క అధ్యయనంతో తేల్చేయలేం. కానీ తయారై గడప దాటడం, నలుగురితో కూర్చుని నవ్వడం, ఏడవడం, దారంతా దాని గురించి మాట్లాడుకోవడం.. వీటిలో చెడ్డదేదీ నాకైతే కనిపించదు.

మనకు నాటకం కొత్తదీ కాదు. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో ‘కీచక వధ’తో మొదలైన సురభి కుటుంబాల నాటకాలను తాతల నుంచి మనవళ్ల దాకా చూశారు. 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన ‘మాభూమి’ నాటకానికి కథావస్తువు తెలంగాణ రైతుల పోరాటమే. ఆ పోరాటంలో ముందు నిలిచింది మన నల్గొండ జిల్లా. ఇంటిల్లిపాదీ చాపలు, చద్దిమూటలు పట్టుకుని నాటకానికి వెళ్లిన కాలాన్ని మా ఇళ్లలో పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. చూడండి, వాళ్లు మూట కట్టుకునే వెళ్లేవారు. తిండి లేకుండా రాత్రంతా కూర్చోలేమని వాళ్లకు ఏ డాక్టరూ చెప్పలేదు.

ఆయనకు ఇదే చెప్పాను. మందుల చీటీ మీద మోతాదు కింద ఇంకో వాక్యం రాశాను: ‘నెలకోసారి ఇద్దరూ కలిసి బయటికి వెళ్లాలి. తిని వెళ్లాలి.’ ఆయన చదివి నవ్వారు. చీటీ మడిచి జేబులో పెట్టుకున్నారు.

తలుపు దాకా వెళ్లిన ఆమె వెనక్కి తిరిగారు.

‘‘సారూ, ఆ నాటకంల ముసలోళ్లు ఆఖరికి ఎవరి దగ్గరున్నరు?’’

‘‘నేనూ చూడలేదమ్మా’’ అన్నాను.

ఆ రాత్రి వాళ్లను పంపి మేం సూర్యాపేట చేరేసరికి పన్నెండు దాటింది. భోజనం సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఊరందరికీ తినమని చెప్పే డాక్టర్ ఆ పూట తిన్నది, మా ఆవిడ సంచిలో మిగిలిన నాలుగు బిస్కెట్లు.

సంచిలో ఇవి ఉన్నాయా?

• గ్లూకోజు పొడి పొట్లం, కొన్ని బిస్కెట్లు, మంచినీళ్ల సీసా
• రాత్రి వేసుకోవాల్సిన మాత్రలు, విడిగా కాకుండా అట్టతో సహా
• గ్లూకోమీటర్ ఉంటే అది
• వాడే మందుల పేర్లు, ఇంట్లో మరొకరి ఫోన్ నంబరు రాసిన చీటీ
• అత్యవసరమైతే 108

- వ్యాసకర్త ఎం.బి.బి.ఎస్., ఎం.డి., ప్రభుత్వ ఆసుపత్రి ఫిజీషియన్
(రోగుల వివరాలు తెలియకుండా కొన్ని మార్పులు చేశాం)